బెబస్ న్యూ పక్కన నిలబడే తెలుగు బోల్డ్ కండెన్స్‌డ్ (లావు గీతల, ఇరుకు) ఫాంటు ఏదైనా ఉందా?

నీలగిరి_డీటీపీ (నల్లగొండ)

అందరికీ నమస్తే. ఉమ్మడి నల్లగొండ జిల్లా కబడ్డీ పోటీల ప్రింటింగ్ పని మా షాపుకు వచ్చింది. జెర్సీలు, స్వాగత తోరణం, స్టేజీ వెనక బ్యానర్, ఆటోలకు స్టిక్కర్లు అన్నీ మావే. ఇంగ్లీషు డిజైన్ నిర్వాహకులే ఇచ్చారు, మొత్తం బెబస్ న్యూ అనే ఇంగ్లీషు ఫాంటులో ఉంది. నిలువుగా, బిగువుగా, బలంగా ఉంది. తెలుగు మాత్రం నన్ను చేసుకోమన్నారు. డీటీపీలో వాడే ‘అను’ తెలుగు ఫాంటు ఒకటి బోల్డ్‌లో పెట్టి, కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో వెడల్పు 60 శాతానికి తగ్గించాను. ఇంగ్లీషు పక్కన పెడితే తెలుగు జ్వరం వచ్చి లేచిన మనిషిలా ఉంది.

జట్లు ఆరు: నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్, హాలియా, మఠంపల్లి. ఈ పేర్లు జెర్సీ వీపు మీద, బ్యానర్ మీద కూడా రావాలి. బెబస్‌కు జోడీ అయ్యే తెలుగు ఫాంటు ఉంటే చెప్పండి. ఫ్రీ అయితే మంచిది, కొనాల్సి వచ్చినా సరే. టైం ఎక్కువ లేదు, టెన్షన్‌గా ఉంది.

స్పీడ్_ఫ్లెక్స్ (దేవరకొండ)

రామభద్ర ఫాంటు వెయ్యన్నా, పనైపోతది. మా దగ్గర బర్త్‌డే ఫ్లెక్సీ నుంచి సంతాపం బోర్డు దాకా అన్నిటికీ అదే. ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

గీత_సున్న (మహబూబ్‌నగర్)

రామభద్ర మంచి హెడ్డింగు ఫాంటే, కాదనను. కానీ అది లావు, ఇరుకు కాదు. బెబస్ పక్కన పెడితే ఇంగ్లీషు నిటారుగా నిలబడి ఉంటే తెలుగు కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. దాన్ని మళ్లీ కోరల్‌లో నొక్కుతారు, కథ మొదటికే వస్తుంది.

నొక్కితే ఏమవుతుందో లెక్క చూడండి. మీ ఫాంటులో నిలువు గీత మందం 100, అడ్డగీత మందం 90 అనుకుందాం. వెడల్పును 60 శాతానికి తెస్తే నిలువు గీత 60కి పడిపోతుంది. అడ్డగీత మాత్రం 90 దగ్గరే ఉంటుంది. లావుగా ఉండాల్సిన గీత సన్నబడింది, సన్నగా ఉండాల్సింది లావైంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అయితే ఇది కొన్నిచోట్లే కనిపిస్తుంది. తెలుగులో దాదాపు ప్రతి అక్షరంలో గుండ్రం ఉంటుంది కాబట్టి ప్రతి అక్షరానికీ నెత్తి మీదా, కిందా బరువు చేరి పక్కలు చిక్కిపోతాయి. మీకు కనిపిస్తున్న జ్వరం అదే.

నిజమైన కండెన్స్‌డ్ ఫాంటు నొక్కగా వచ్చేది కాదు, మళ్లీ గీయగా వచ్చేది. బెబస్‌లో ఇంగ్లీషు ఓ అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. రెండు పక్కలూ తిన్నగా నిలువు గీతలు, పైనా కిందా మాత్రమే వంపు. అంటే వృత్తాన్ని నొక్కలేదు. వృత్తాన్ని రెండుగా కోసి మధ్యలో నిలువు గీతలు పెట్టారు. అందుకే ఎంత ఇరుకైనా మందం చెదరదు.

వెబ్_చిన్నోడు (గద్వాల)

అక్కా, చిన్న డౌటు. జామెట్రిక్ అంటే కాంపస్‌తో, స్కేలుతో గీసినవి అనే కదా? మరి బెబస్‌ను కొందరు జామెట్రిక్ అంటారు, కొందరు గోథిక్ అంటారు. ఏది కరెక్టు?

గీత_సున్న (మహబూబ్‌నగర్)

రెండు వంశాలూ కలిశాయి. జామెట్రిక్‌కు పెద్ద దిక్కు ఫ్యూచురా. జర్మనీలో పాల్ రెన్నర్ గీశాడు, బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. అపోలో 11 చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి ఆ అక్షరాలే. చూడటానికి కాంపస్‌తో గీసినట్టే ఉంటుంది. దగ్గరికి వెళితే గుండ్రం నిలువు గీతను కలిసే చోట సన్నబడి ఉంటుంది. అలా సన్నబరచకపోతే ఆ మూల నల్లగా మచ్చ కడుతుంది. జామెట్రిక్‌లోనూ చివరి మాట కంటిదే, కాంపస్‌ది కాదు.

రెండో వంశం అమెరికా గోథిక్‌లు, అంటే కొసల్లో అలంకరణ లేని సూటి అక్షరాలు. మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో గీసిన ఆల్టర్నేట్ గోథిక్ ఇందులో ముఖ్యం. 2009లో వచ్చిన లీగ్ గోథిక్ దానికి కొత్త రూపం, అది కూడా ఫ్రీ. విండోస్‌తో వచ్చే ఇంపాక్ట్ మీకు తెలిసిందే, అది జెఫ్రీ లీ 1965లో గీసినది. బెబస్ న్యూ జపాన్‌కు చెందిన ర్యోయిచి త్సునేకావా చేతి పని, 2010లో వచ్చింది. గోథిక్ ఇరుకు, జామెట్రిక్ సాఫీతనం రెండూ అందులో ఉన్నాయి. ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి: బెబస్ న్యూలో అన్నీ పెద్దక్షరాలే, చిన్నక్షరాలు లేవు. మన సమస్య సగం అక్కడే ఉంది, తర్వాత చెప్తాను.

పాత_సీసం (సూర్యాపేట)

ఇరుకు అక్షరాలు ఫ్యాషన్ కోసం పుట్టలేదు. పోస్టరు కాగితం వెడల్పు ఇంతే అని ఖాయం. మాట పొడవు మన చేతిలో ఉండదు. మాట పట్టాలంటే అక్షరం సన్నబడాలి, దూరం నుంచి కనపడాలంటే ఎత్తు పెరగాలి. పెద్ద సైజు అక్షరాలు సీసంతో పోస్తే బరువెక్కుతాయి, చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు. అందుకే చెక్క అక్షరాలు వచ్చాయి. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో వాటిని మిషను మీద కోయడం మొదలుపెట్టాక, ఇరుకు అక్షరాలు పోస్టర్ల నిండా పాకాయి.

తమ్ముడూ, నీలగిరి అని పేరు పెట్టుకున్నావు, సంతోషం. 1922లో షబ్నవీస్ వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నడిపిన పత్రిక పేరు నీలగిరే. తెలిసి పెట్టుకున్నావో, తెలియక పెట్టుకున్నావో.

నీలగిరి_డీటీపీ (నల్లగొండ)

తెలిసే పెట్టుకున్నా సార్. మా తాత చెప్తుండేవాడు.

కుంచె_పాలమూరు (జడ్చర్ల)

నేను బోర్డులు రాసేవాణ్ణి. గోడలు, షట్టర్లు, బస్సు బోర్డులు అన్నీ రాశాను. ఫాంట్ల సంగతి నాకంతగా తెలియదు గానీ ఒక మాట అడుగుతా. తెలుగుకు అసలు ఇరుకు ఎందుకు?

మహబూబ్‌నగర్ అని ఇంగ్లీషులో రాస్తే 12 అక్షరాలు. తెలుగులో ఏడే: మ, హ, బూ, బ్, న, గ, ర్. మిర్యాలగూడ ఇంగ్లీషులో 11, తెలుగులో ఐదు. నల్లగొండ ఎనిమిది, తెలుగులో సున్నను వేరుగా లెక్కబెట్టినా ఐదు. ఇంగ్లీషోడికి చోటు సరిపోక సన్నగా రాసుకున్నాడు. మనకు పక్కలకు చోటు ఉంది. మనకు కావాల్సింది కిందా పైనా. ల్ల రాస్తే కింద ఒత్తు, డ్డీ రాస్తే కింద ఒత్తు, పైన గుడిదీర్ఘం. బోర్డు ఎత్తు ఒక్క అడుగే అంటే అందులో అసలు అక్షరానికి దక్కేది సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

మేం చేసేది ఏందంటే, ముందు సుద్ద దారంతో నాలుగు గీతలు కొడతాం. నడిమి రెండు గీతల మధ్య అక్షరం, పై గీత దాకా గుడి, కింది గీత దాకా ఒత్తు. తర్వాత పేరులో అన్నిటికన్నా వెడల్పు అక్షరం ముందు రాస్తాం. మహబూబ్‌నగర్‌లో మ, హ. అవి ఎంత చోటు తింటాయో తేలితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. గ, ర సన్నవి, వాటికి ఫికర్ లేదు. ఎడమ నుంచి మొదలుపెట్టి రాసుకుంటూ పోతే చివరికి ర్ బోర్డు అంచుకు గుద్దుకుంటది.

గీత_సున్న (మహబూబ్‌నగర్)

పెద్దన్నా, మీ లెక్క బాగుంది, సగం ఒప్పుకుంటున్నా. ఏడు అక్షరాలే అయినా మన ఒక్కో అక్షరం వెడల్పు ఎక్కువ. మ, య, హ, ఘ, ఝ లాంటివైతే ఇంగ్లీషు అక్షరాలు రెండింటి చోటు తింటాయి. మామూలు ఫాంటులో మొత్తం పొడవు లెక్కేస్తే ఇంగ్లీషుకూ తెలుగుకూ తేడా మీరు చెప్పినంత ఉండదు. పైగా నీలగిరి అన్నకు చోటు ఒక్కటే సమస్య కాదు. రెండు లిపులు పక్కపక్కన ఉన్నప్పుడు నలుపు, తెలుపు ఒకే లయలో కనపడాలి. ఇంగ్లీషు వైపు నిలువు కడ్డీలు దగ్గర దగ్గరగా ఉంటే, తెలుగు వైపు పెద్ద పెద్ద గుండ్రాలు ఉంటే కన్ను రెండింటినీ ఒక్క జట్టు అనుకోదు.

కిందా పైనా చోటు కావాలన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. ఇందాక తర్వాత చెప్తానన్నది అదే. బెబస్‌లో అన్నీ పెద్దక్షరాలు కాబట్టి కిందికి జారే తోకలు లేవు, పైకి లేచే కొమ్మలు లేవు. రెండు వరుసలను దాదాపు అంటించి పెట్టొచ్చు. పోస్టరు మీద ఆ గోడ కట్టినట్టున్న బిగువంతా దాని వల్లే వస్తుంది. తెలుగులో అలా అంటిస్తే పై వరుస ఒత్తు వెళ్లి కింది వరుస గుడిలో దిగబడుతుంది. రాష్ట్ర అనే మాట ఒక్కటి చాలు. ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు.

వెబ్_చిన్నోడు (గద్వాల)

వెబ్‌సైట్లలో కూడా ఇదే గొడవ. ఇంగ్లీషు హెడ్డింగుకు లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 1 పెడితే సరిపోతుంది. అదే స్టైల్ తెలుగు పేజీకి తగిలిస్తే ఒత్తులు కోసుకుపోతాయి. తెలుగుకు నేను 1.4 కన్నా తక్కువ పెట్టను.

ఇరుకు అక్షరం మనకూ కావాలనే నేనంటా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి కదా. మహబూబ్‌నగర్ అని ఒక్క మాటతో పోయేచోట జోగులాంబ గద్వాల జిల్లా అని రాయాల్సి వచ్చింది. నల్లగొండ వైపు యాదాద్రి భువనగిరి. ఫోన్ స్క్రీన్ మీద ఈ పేర్లు హెడ్డింగు సైజులో పెడితే ఒక్క వరుసలో పట్టవు.

కుంచె_పాలమూరు (జడ్చర్ల)

అప్పుడు మాకు మస్తు పని దొరికింది తమ్మీ. బోర్డు పాతదే, పేరు కొత్తది, పొడుగుది. 2019లో నారాయణపేట వచ్చినప్పుడు మళ్లీ దొరికింది. నారాయణపేట రాయడం సుఖం, ఒక్క ఒత్తు కూడా లేదు.

రేడియం_షాపు (మిర్యాలగూడ)

అందరూ డిజైన్ గురించి మాట్లాడుతున్నారు, నేను కటింగ్ గురించి చెప్తా. జెర్సీల మీద ఏ పద్ధతి అన్నా? సబ్లిమేషనా, వినైల్ షీటులో అక్షరం కోసి వేడితో అంటించే హీట్ ప్రెస్సా? పాలిస్టర్ బట్ట మీద సబ్లిమేషన్ అయితే రంగు దారంలోకి దిగిపోతుంది, ఎంత సన్న గీతైనా ఫరవాలేదు. వినైల్ కటింగ్ అయితే మాత్రం ఫాంటు చూసుకుని పెట్టండి.

మఠంపల్లి జట్టు ఉందని చూశా. ఠ అంటే ర లోపల చుక్క, అంతేగా. బోల్డ్ చేస్తే లోపలి ఖాళీ తగ్గుతుంది, ఇరుకు చేస్తే ఇంకా తగ్గుతుంది. చుక్క ఆ ఖాళీలో ఇరుక్కుని మూసుకుపోతుంది. అలా కాకూడదని చుక్కను చిన్నది చేస్తే, కటింగ్ తర్వాత వేస్టు పీకేటప్పుడు దాంతోపాటు చుక్క కూడా లేచి వస్తుంది. ఒకవేళ అతుక్కున్నా, చిన్న ముక్క కాబట్టి ఉతుకులకు ముందు ఊడేది అదే. అప్పుడు మీ మఠంపల్లి ఆటగాడు మరంపల్లి అయిపోతాడు. ఊరి పేరు మారిస్తే ఆ జట్టు వాళ్లు ఊరుకోరు.

థ కూడా అంతే. ఇక ష లోపలి గీత మూసుకుపోతే ప అని చదువుతారు.

స్పీడ్_ఫ్లెక్స్ (దేవరకొండ)

మరంపల్లి 😂😂 రామభద్రలో చుక్క మంచిగానే కనపడుతదన్నా

రేడియం_షాపు (మిర్యాలగూడ)

కనపడుతుంది, ఎందుకంటే అది వెడల్పు ఫాంటు. మనం మాట్లాడేది ఇరుకు గురించి తమ్మీ.

మా ఊళ్లో బియ్యం సంచుల మీద చూడండి. నేత సంచి మీద నేరుగా ప్రింటు వేస్తే ఇంకు నేత సందుల్లోకి పాకుతుంది, సన్న ఖాళీలు పూడిపోతాయి. అదే పైన మెరిసే ఫిల్ము అంటించిన సంచి అయితే ముందే ఫిల్ము మీద గ్రావ్యూర్ ప్రింటు పడుతుంది, వెంట్రుక మందం గీత కూడా నిలుస్తుంది. ఒకే మిల్లు, ఒకే పేరు, రెండు సంచులకు రెండు రకాల అక్షరం కావాలి. ఎక్కడ వేస్తామో తేలకుండా ఫాంటు తేలదు.

నీలగిరి_డీటీపీ (నల్లగొండ)

జెర్సీలు సబ్లిమేషనే. ఆటో స్టిక్కర్లు మాత్రం కటింగ్. ఇంకా ఒక్క ఫాంటు పేరు కూడా తేలలేదు, పెద్దలారా 🙏

గీత_సున్న (మహబూబ్‌నగర్)

వస్తున్నా. రెడీగా దొరికేవాటిలో మీకు దగ్గరిది అనేక్ తెలుగు. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లది, 2022లో వచ్చింది, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ. తొమ్మిది భారతీయ లిపులకు, లాటిన్‌కు కలిపి గీసిన కుటుంబం ఇది. వేరియబుల్ ఫాంటు కాబట్టి లావు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా జరుపుకోవచ్చు. 800 లావు, 75 వెడల్పు పెట్టి చూడండి. కోరల్‌లో మీరు లాగిన 60కి, దీని 75కి పోలికే లేదు. ఇక్కడ ఇరుకైనా గీతల మందం నిలబడుతుంది, ఎందుకంటే ఆ కొసన అక్షరాలను విడిగా గీశారు.

నోటో సాన్స్ తెలుగులో వెడల్పు 62.5 దాకా దిగుతుంది, లావు 900 దాకా పోతుంది. కానీ దానికి పోస్టరు పొగరు లేదు, ఆఫీసు కాగితంలా బుద్ధిగా ఉంటుంది. బలూ తమ్ముడు అనే ఫాంటు లావుగా, ముద్దుగా ఉంటుంది, చిన్నపిల్లల పోటీలకు పనికొస్తుంది గానీ కబడ్డీకి కాదు. టెకో అని ఆటల డిజైన్లలో కనిపించే పలకల ఫాంటు ఉంది చూశారా, అది నేను మనసు పడ్డ ఫాంటు, కానీ అందులో దేవనాగరి, లాటిన్ మాత్రమే ఉన్నాయి.

మన పాలమూరు గడ్డ మీద పుట్టి గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద సురవరం అని ఫాంటు ఉంది. ఊరి అభిమానంతో చాలామంది దాన్ని బ్యానర్లకు ఎక్కిస్తుంటారు. అది వార్తాపత్రిక అక్షరం, చదువుకోవడానికి బాగుంటుంది. బ్యానర్ మీద పెట్టి అరవమంటే అరవదు.

సాఫ్ట్‌వేర్ సంగతి. అను ఫాంట్లలో ఒత్తు ఒక విడి ముక్క, దాని చోటు ముందే ఖాయం. యూనికోడ్ ఫాంటులో ఏ అక్షరం కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటులోనే రాసి ఉంటుంది. కానీ మీ కోరల్ పాత వెర్షన్ అయితే యూనికోడ్ తెలుగును ముక్కలు చేస్తుంది. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చి, ఎస్‌వీజీ ఫైలు చేసి కోరల్‌లోకి తెచ్చుకోండి. ఇంక్‌స్కేప్ ఫ్రీనే, వేరియబుల్ ఫాంట్లు కూడా పడతాయి. ఇన్‌డిజైన్ వాడితే పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి.

వెబ్_చిన్నోడు (గద్వాల)

లైసెన్స్ గురించి అడుగుతారేమో: అనేక్, నోటో, బెబస్ న్యూ మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సే. వాటితో జెర్సీ చేసి అమ్ముకోవచ్చు. ఫాంటు ఫైలును మాత్రమే విడిగా అమ్మకూడదు.

నీలగిరి_డీటీపీ (నల్లగొండ)

అనేక్ దించి చూశా. అను కన్నా వంద రెట్లు నయం. నల్లగొండ, దేవరకొండ బాగా వచ్చాయి. కానీ నిజం చెప్పాలంటే బెబస్ అంత నిటారుగా లేదు. బెబస్ నిలువు గీత కోసినట్టు ఉంటే, ఇది ఇంకా వంపులు తిరుగుతోంది. బ్యానర్ మీద రెండూ ఒక్క అడుగు ఎత్తున పక్కపక్కనే ఉంటాయి, తేడా తెలిసిపోతుంది.

గీత_సున్న (మహబూబ్‌నగర్)

అయితే ఫాంటు వెతకడం ఆపేయండి అన్నా. పేర్లు గీయండి.

పూర్తి తెలుగు ఫాంటు అంటే వందల ఆకారాలు, నెలల పని. మీకు కావాల్సింది ఆరు పేర్లు. లెక్క చూశాను: న, ల, గ, డ, ద, వ, ర, క, మ, య, హ, ఠ, ప. మొత్తం 13 హల్లులు. ఒత్తులు రెండే, ల ఒత్తు, య ఒత్తు. గుణింతపు గుర్తులు ఐదు: దీర్ఘం, గుడి, కొమ్ముదీర్ఘం, ఏత్వం, ఒత్వం. నకిరేకల్‌కు ఒక పొల్లు, కొన్నిటికి సున్న. అయిపోయింది.

ముందు ర గీయండి. పైనా కిందా అర్ధవృత్తాలు, పక్కలు తిన్నగా. బెబస్ నిలువు గీత మందం కొలిచి అదే ఇవ్వండి. పైనా కిందా వంపు దగ్గర మందం కొంచెం తగ్గించండి, సమానంగా పెడితే కంటికి లావుగా కనపడుతుంది. వంపు అడుగు గీత కన్నా ఒకటి రెండు శాతం కిందికి జారాలి, లేకపోతే గుండ్రం అక్షరం పక్కదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. ర కుదిరితే ఠ వచ్చినట్టే. వ గీస్తే దాని నుంచి మ సగం అయిపోతుంది, ప నుంచి హ వస్తుంది. క చివరికి పెట్టుకోండి, అది దేనికీ చుట్టం కాదు.

తలకట్టు దగ్గర జాగ్రత్త. మామూలు ఫాంట్లలో దాని కుడి కొమ్మ పొడుగ్గా పక్కకు సాగుతుంది. ఇరుకులో అలా సాగితే పక్క అక్షరం తలకట్టును పొడుస్తుంది. పొట్టి చేసి, నిలబెట్టి, కొసను అడ్డంగా కోసేయండి. బెబస్‌లోని కోసిన కొసలకు అదే సరిజోడు. పూర్తిగా తీసేయొద్దు, కొందరు మోడరన్ అని తీసేస్తున్నారు. ల, ట, బ, జ లాంటి వాటికి తలకట్టు ఎలాగూ లేదు. ఉన్నవాటికి కూడా పోతే మాటకు నెత్తి మీద లయ పోతుంది, దూరం నుంచి ఏ లిపో కూడా పోల్చుకోలేం.

కుంచె_పాలమూరు (జడ్చర్ల)

గీతమ్మ చెప్పిన తీరు మా చేతి తీరే. ఒక్కటి కలుపుతా. మిర్యాలగూడలో య ఒత్తు ర కిందుగా పోయి కుడివైపు తిరిగి ల అడుగుకు పోతది. ల కింద ఏమీ లేదు కాబట్టి పోనియ్యండి, ఆపకండి. ఆ ఒత్తును ర కిందనే బంధించాలని చూస్తే పేరు మొత్తం ఎడం అవుతది. ఖాళీ ఎక్కడుంటే ఒత్తు అక్కడికి పోవాలె.

ఒత్తు మందం కూడా అక్షరం మందమే పెట్టకండి. కొంచెం తగ్గించండి. సమానంగా పెడితే కింద ఇంకో అక్షరం వేలాడుతున్నట్టు ఉంటది.

పాత_సీసం (సూర్యాపేట)

తమ్ముడూ, జెర్సీ మీద పేరు కన్నా నంబరు ముఖ్యమని మరవకు. మగవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, అంటే 43 అడుగుల దాకా. బోర్డుల వాళ్ల పాత లెక్కలో పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. నాలుగున్నర అంగుళాలకు తక్కువ నంబరు వేయకు. నంబర్లు బెబస్‌లోనే ఉండనీ. ఊరి పేరు నంబరు పైన చిన్నగా ఉన్నా సరిపోతుంది, జట్టును రంగు చూసి గుర్తుపడతారు.

నీలగిరి_డీటీపీ (నల్లగొండ)

రెండు రాత్రులు కూర్చుని గీశాను. స్క్రీన్ షాట్ పెడుతున్నా. ర, ఠ, వ, మ కుదిరాయి అనుకుంటున్నా. గూ దగ్గర కొమ్ముదీర్ఘం కుడివైపు ఎక్కువ చోటు తింటోంది, డ దూరం జరిగిపోయింది.

బ్యానర్ మీద ఊరి పేరు పైన, దాని కింద కబడ్డీ అని రెండు వరుసలు పెట్టాలి, దగ్గర దగ్గరగా. నల్లగొండ బాగానే ఉంది. మిర్యాలగూడ మాత్రం కొట్టుకుంటోంది.

గీత_సున్న (మహబూబ్‌నగర్)

బాగా వచ్చింది అన్నా. మ కుడి కొమ్ము లోపలి ఖాళీ ఇంకొంచెం తెరవండి, ఎడమ గుండ్రం లోపలి ఖాళీతో సమానంగా కనపడాలి. గూ లో దీర్ఘాన్ని పక్కకు కాకుండా పైకి లేపండి. గ సన్న అక్షరం, దాని పక్కన నిలువుగా లేస్తే బెబస్ కడ్డీలతో కూడా కలుస్తుంది.

రెండు వరుసల సంగతి. నల్లగొండలో ఒత్తు రెండో అక్షరం కింద ఉంది. కింది వరుసలో రెండో అక్షరం బ, దానికి తలకట్టు లేదు. అందుకే ల ఒత్తు వచ్చి బ నెత్తి మీద ఖాళీలో హాయిగా కూర్చుంది. మిర్యాలగూడలో మి వెడల్పు కాబట్టి య ఒత్తు ఇంకా కుడికి జరిగి, సరిగ్గా డ్డీ గుడిదీర్ఘం మీద పడుతోంది. వరుసల మధ్య ఖాళీ పెంచకండి, పెంచితే ఆరు బ్యానర్లలో ఇదొక్కటే వదులుగా కనపడుతుంది. కబడ్డీని కుడి అంచుకు జరపండి. డ్డీ వెళ్లి డ కిందికి వస్తుంది, అక్కడ పైన ఒత్తు లేదు. క కూడా ఆ ఒత్తును దాటి కుడికి పోతుందో లేదో చూసుకోండి, చాలకపోతే కొంచెం అటూ ఇటూ జరపండి. ఆరూ కుడి అంచుకే పెడితే ఒక పద్ధతిగా ఉంటుంది. నల్లగొండకు కుడి అంచు కుదరకపోతే దాన్ని మాత్రం ఎడమకు ఉంచండి, రెండు బ్యానర్లు పక్కపక్కన వేలాడకపోతే ఎవరూ చూడరు.

స్పీడ్_ఫ్లెక్స్ (దేవరకొండ)

ఇది మంచిగుందన్నా. దేవరకొండ ఫైలు నాకు కూడా పంపు, మా దగ్గర గ్రౌండు కాడ ఫ్లెక్సీ నేనే కొడుతున్నా.

నీలగిరి_డీటీపీ (నల్లగొండ)

పంపుతా తమ్మీ. కానీ వెడల్పు మార్చొద్దు, చిన్నది పెద్దది చెయ్యాలంటే మూల పట్టుకునే లాగు.

రేడియం అన్నా, ఆటో స్టిక్కర్లకు ఠ చుక్క ఏం చేద్దాం? మీరన్నట్టు చిన్న ముక్క ఊడిపోతుందని భయంగా ఉంది.

రేడియం_షాపు (మిర్యాలగూడ)

స్టిక్కర్ ఫైలు వేరే చెయ్యండి. చుక్కను పెద్దది చేసి, గుండ్రంగా కాకుండా నిలువుగా సాగదీసి, కింది వంపుకు సన్న వంతెనతో కలపండి. రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలు, దూరం నుంచి చూస్తే వంతెన అంతగా కనపడదు, చుక్కే కనపడుతుంది. ముక్క విడిగా ఉండదు కాబట్టి పీకేటప్పుడు లేవదు. జెర్సీ ఫైలులో మాత్రం వంతెన పెట్టకండి, అక్కడ అవసరం లేదు. ఫైళ్లకు పేర్లు వేరువేరుగా పెట్టుకోండి. ముందు మఠంపల్లి ఒక్కటి పంపండి, చిన్న ముక్క కోసి ఫొటో పెడతా. అది సరిగ్గా వస్తే మిగతా ఐదూ సాయంత్రానికి అయిపోతాయి.